బ్యాలెట్‌ని దస్తావేజులా చదవండి

మా నాన్నగారు తణుకులో దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచ, దాని కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇంకుప్యాడు. కాగితం రాయించుకున్న రైతు దాన్ని మొదటి పేజీ నుంచి చదవబోతే ఆయన ఆపేవారు. "ముందర మాటలన్నీ అందరికీ ఒకటేనయ్యా. వెనక షెడ్యూలు చూసుకో. హద్దులు సరిపోయాయో లేదో చూసుకో. కొట్టివేతలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకో. ఆ తర్వాతే సంతకం" అనేవారు.

నేను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాను. 2022లో అమెరికా పౌరురాలిగా తొలిసారి ఓటు వేసేటప్పుడు నాన్నగారి మాట గుర్తుకు రాలేదు. ఆ నవంబరు బ్యాలెట్‌లో రాష్ట్రానివే ఏడు ప్రాపోజిషన్లు, అంటే జనం ఎస్ లేదా నో చెప్పాల్సిన ప్రశ్నలు, ఉన్నాయి. అందులో 31వది రుచులు కలిపిన పొగాకు గురించి. మామిడిపండు, పుదీనా వాసనల వేప్‌లు (ఈ-సిగరెట్లు) మా అబ్బాయి చదివే హైస్కూల్లో ఎంత మామూలైపోయాయో వాడే చెప్పాడు. ఒళ్లు మండి, "ఇలాంటివి వద్దు" అనుకుంటూ "నో" పక్కన నింపేశాను. కవరు పోస్టు డబ్బాలో వేసి ఇంటికొచ్చాక మా ఆయన టీ తాగుతూ చల్లగా చెప్పారు, అక్కడ ఎస్ అంటే నిషేధం అమలవుతుంది, నో అంటే నిషేధం ఎగిరిపోతుంది అని. అంటే పొగాకు కంపెనీలు ఏ ఓటు కోసం డబ్బు ఖర్చుపెట్టాయో సరిగ్గా అదే ఓటు నేను ఊరికే వేసి వచ్చాను. ఎస్ పక్షమే నెగ్గింది కాబట్టి నిషేధం వచ్చింది. నా కడుపుమంట మాత్రం చాలా రోజులు తగ్గలేదు.

అప్పటి నుంచి బ్యాలెట్‌ని నాన్నగారి పద్ధతిలోనే చదువుతున్నాను. కొత్తగా ఓటు వచ్చిన మనవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు, ఆ ప్రశ్న మీ దాకా ఎలా వచ్చిందో చూడండి

మన ఊళ్లో ఓటంటే గుర్తు చూసి మీట నొక్కడం. చట్టాలు చేసే పని ఎమ్మెల్యేలు చూసుకుంటారు. ఇక్కడ ఆ పనిలో కొంత మన నెత్తిన పెట్టారు. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ రాష్ట్ర రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకుందన్న కోపం జనంలో బాగా ఉన్న రోజుల్లో, 1911లో, గవర్నర్ హైరమ్ జాన్సన్ హయాంలో ఈ పద్ధతి వచ్చింది. చట్టసభ కంపెనీల మాట వింటుంటే జనమే చట్టం రాసుకోవచ్చు అని దాని ఉద్దేశం. ఇప్పుడు కంపెనీలే సంతకాలు పోగుచేయించి తమకు కావలసిన చట్టాన్ని జనం ముందు పెడుతున్నాయి. జాన్సన్ చూస్తే ఏమనేవాడో.

బ్యాలెట్‌లోకి ఒక ప్రశ్న మూడు దారుల్లో వస్తుంది. రాష్ట్ర రాజ్యాంగాన్ని మార్చాలన్నా, రాష్ట్రం పేరు మీద పెద్ద బాండ్ అప్పు తేవాలన్నా చట్టసభ మనల్ని అడగాలి. అది మొదటిది. రెండోది ఇనీషియేటివ్. ఎవరైనా సరే చట్టం రాసి, 180 రోజుల్లో సంతకాలు పోగుచేసి నేరుగా మన ముందు పెట్టడం. 2022 గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్ల లెక్కన మామూలు చట్టానికి 5,46,651 సంతకాలు, రాజ్యాంగ సవరణకు 8,74,641 సంతకాలు కావాలి. కాస్ట్‌కో దుకాణం బయట అట్ట పట్టుకుని నిలబడి "ఒక్క సంతకం అండీ" అనే కుర్రాళ్లు వీళ్లే. చాలామందికి సంతకానికి ఇంత అని డబ్బు ముడుతుంది. తప్పేమీ లేదు, కానీ వాళ్లు నోటితో చెప్పేదాన్ని కాక కాగితం పైన అచ్చైన శీర్షిక చదివి సంతకం చేయండి.

మూడోది రిఫరెండం. నేను కాలు జారింది దీని మీదే. చట్టసభ 2020లోనే రుచుల పొగాకును నిషేధించింది. అమలు కాకముందే పొగాకు కంపెనీలు సంతకాలు పోగుచేసి ఆ చట్టాన్ని ఆపి, "ఈ చట్టం ఉండాలా వద్దా" అని జనం ముందుకు తెచ్చాయి. 2023లో ఈ మాటలు మారేవరకు, రిఫరెండంలో ఎస్ అంటే చట్టసభ చేసిన చట్టం ఉండాలి అని. నో అంటే పోవాలి అని. దాన్ని అడ్డుకోవాలని సంతకాలు పోగుచేసినవాళ్లే నో అడిగేవారు. ఇప్పుడు రిఫరెండంలో ఎస్, నో బదులు చట్టం ఉంచాలి, చట్టం రద్దు చేయాలి అని ఉంటుంది. ఇలాంటి తికమక ఉండొచ్చని తలకెక్కితే సగం పని అయిపోయినట్టే.

అందుకని ఏ ప్రాపోజిషన్ అయినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటే: ఇవాళ ఏముంది? దీని మీద ఎవరూ ఓటు వేయకపోతే రేపు పొద్దున్న పరిస్థితి ఎలా ఉంటుంది? అది తెలిశాకే ఎస్ అంటే ఏం మారుతుందో అర్థమవుతుంది.

గైడు ఎక్కడి నుంచి చదవాలి

ఎన్నికలకు ముందు ఇంటికి రెండు పుస్తకాలు వస్తాయి. రాష్ట్ర ఓటరు గైడు ఒకటి, కౌంటీ గైడు ఒకటి. ప్రాపోజిషన్లకు అంకెలు ఉంటాయి, అవి రాష్ట్రానివి. కౌంటీ, ఊరు, స్కూలు డిస్ట్రిక్టు పెట్టే మెజర్లకు ఎ, బి, సి అని అక్షరాలు ఉంటాయి, అవి కౌంటీ గైడులో ఉంటాయి. మనవాళ్లు చాలామంది రెండో పుస్తకాన్ని కాస్ట్‌కో కూపన్లతో కలిపి చెత్తబుట్టలో వేస్తారు. నిజానికి మన జేబులోంచి నేరుగా పోయే డబ్బు ఎక్కువగా అందులోనే ఉంటుంది.

రాష్ట్ర గైడు ముందు పేజీల్లో ప్రతి ప్రాపోజిషన్‌కూ ఒక చిన్న గడి ఉంటుంది. ఎస్ ఓటు అర్థం ఏమిటి, నో ఓటు అర్థం ఏమిటి అని. మొదట అది. తర్వాత లెజిస్లేటివ్ అనలిస్ట్ రాసిన విశ్లేషణ. ఈ ఆఫీసు ఏ పక్షానికీ చెందదు, లెక్కలు చూడటమే దాని పని. అందులో నేపథ్యం అన్న భాగాన్ని నేను రెండుసార్లు చదువుతాను, ఎందుకంటే "ఇవాళ ఏముంది" అన్నదానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

పైన ఉండే శీర్షిక, సారాంశం అటార్నీ జనరల్ ఆఫీసు రాస్తుంది. అటార్నీ జనరల్ ఎన్నికై వచ్చే మనిషి, ఒక పార్టీ మనిషి. శీర్షికలో మాటల ఎంపిక మీద ప్రతిసారీ గొడవ జరుగుతుంది, కోర్టుకు కూడా వెళ్తారు. అందుకే శీర్షిక దగ్గరే ఆగిపోకూడదు.

అనుకూల వాదన, వ్యతిరేక వాదన చదివేటప్పుడు నాది ఒక అలవాటు. వాదనలు వదిలేసి ముందు వాటికిచ్చిన జవాబులు చదువుతాను. మొదటి వాదనలో అందరూ పెద్ద అక్షరాల్లో పిల్లలు, ముసలివాళ్లు, అగ్నిమాపక సిబ్బంది అంటూ మొదలుపెడతారు. జవాబుకి వచ్చేసరికి చోటు తక్కువ, కోపం ఎక్కువ. అసలు తగాదా ఎక్కడుందో అప్పుడు బయటపడుతుంది.

వ్యతిరేక వాదన అసలు లేకపోవచ్చు కూడా. 2024లో 6వ ప్రాపోజిషన్, జైళ్లలో ఖైదీల చేత బలవంతంగా పని చేయించవచ్చన్న మాటను రాజ్యాంగం నుంచి తీసేయాలన్నది. గైడులో దానికి వ్యతిరేకంగా ఒక్కరూ వాదన ఇవ్వలేదు. అయినా ఓడిపోయింది. ఎదుటివాళ్లు రాయలేదంటే ఎదుటివాళ్లు లేరని కాదు.

వెనక పేజీలు: కొట్టివేతలు, హద్దులు

గైడు చివర సన్న అక్షరాల్లో చట్టం పూర్తి పాఠం ఉంటుంది. అది ఎవరూ చదవరు. అంతా చదవమని నేనూ అనను. కానీ ఒకసారి తిప్పి చూడండి. తీసేసే మాటలను గీతతో కొట్టేసి చూపిస్తారు, కొత్తగా చేర్చే మాటలను వాలు అక్షరాల్లో వేస్తారు. మొదటిసారి ఆ పేజీలు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. అచ్చం మా నాన్నగారి బల్ల మీద కాగితమే.

2024లో 33వ ప్రాపోజిషన్ తీసుకోండి, అద్దెల నియంత్రణ గురించి. మా స్నేహితుల్లో అద్దెకిచ్చినవాళ్లు, అద్దెకున్నవాళ్లు ఇద్దరూ ఉన్నారు. "రేపటి నుంచి అద్దె పెంచకూడదట" అని ఒకరికి టెన్షన్, ఇంకొకరికి సంబరం. పాఠం చూస్తే చాలా భాగం కొట్టివేతలే. ఊళ్లు పెట్టే అద్దెల నియంత్రణకు పరిమితులు విధించే 1995 నాటి కోస్టా హాకిన్స్ చట్టాన్ని మొత్తం తీసేస్తున్నారు. ఊళ్లు, కౌంటీలు అద్దెల నియంత్రణ పెట్టుకుంటే రాష్ట్రం అడ్డు చెప్పకూడదని చేరుస్తున్నారు. అంతే. ఏ ఇంటి అద్దెకూ అందులో పరిమితి లేదు. నెగ్గి ఉంటే అసలు నిర్ణయం మన ఊరి కౌన్సిలు చేతికి వచ్చేది. సరే, అది ఓడిపోయింది. "దీని తర్వాత ఎవరు నిర్ణయిస్తారు?" అన్న ప్రశ్న మాత్రం నాకు దాని దగ్గరే అలవాటైంది.

దాని పక్కనే ఉన్న 34వది ఇంకా చిత్రం. శీర్షిక చూస్తే కొన్ని వైద్య సంస్థలు మందుల మీద వచ్చే ఆదాయాన్ని రోగుల మీదే ఖర్చు పెట్టాలి అన్నట్టుంటుంది. కాదనేదెవరు? కానీ పాఠంలో ఈ నిబంధన ఎవరికి వర్తిస్తుందో చూడండి: పదేళ్ల కాలంలో రోగుల సేవకు కాని పనుల మీద 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసి ఉండాలి, అదే సంస్థ నడిపే అద్దె ఇళ్లలో 500కు పైగా తీవ్రమైన ఉల్లంఘనలు నమోదై ఉండాలి. ఇలాంటి సంస్థలు రాష్ట్రంలో ఎన్నుంటాయి? పేరు రాయకుండా తూర్పున ఫలానా కాలువ, పడమర ఫలానా వారి కొబ్బరితోట అని హద్దులు చెప్తే ఊళ్లో అందరికీ ఆ పొలం ఎవరిదో తెలిసిపోతుంది కదా, ఇదీ అంతే. ఆ హద్దుల్లో పడేది ఎయిడ్స్ హెల్త్‌కేర్ ఫౌండేషన్ అని అప్పట్లో పత్రికలు రాశాయి. 33వ ప్రాపోజిషన్‌కు డబ్బు పెట్టింది ఆ సంస్థే. 34కు డబ్బు పెట్టింది ఇళ్ల యజమానుల సంఘం. అది కొద్ది తేడాతో నెగ్గింది. మీరు దానికి ఎస్ అన్నా నో అన్నా నాకు అభ్యంతరం లేదు. అది మందుల గురించే అనుకుని వేస్తే మాత్రం బాధపడతాను.

ఇంకొక్క విషయం వెనక పేజీల్లో వెతకండి: దీన్ని తర్వాత ఎవరు దిద్దవచ్చు? ఇనీషియేటివ్ నెగ్గితే, అందులో అనుమతి రాసి ఉంటే తప్ప చట్టసభ దాన్ని ముట్టుకోలేదు. మళ్లీ జనం ఓటే కావాలి. 2020లో ఊబర్, లిఫ్ట్, డోర్‌డాష్ లాంటి కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి నెగ్గించుకున్న 22వ ప్రాపోజిషన్‌లో సవరణకు చట్టసభలో ఎనిమిదింట ఏడు వంతుల మద్దతు కావాలని రాశారు. అంత మద్దతు దేనికి దొరుకుతుంది? తప్పు పడితే సవరణ దస్తావేజు రాయించుకునే దారి ఉందా, లేదా? ఉద్దేశం నచ్చినా, దారి మూసేసి ఉంటే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

అప్పు లెక్క, పన్ను లెక్క

బాండ్ అంటే అప్పు. ఈ మాట బ్యాలెట్‌లో కనిపించదు. బడి బాగుచేస్తాం, నీళ్లు కాపాడతాం అనే ఉంటుంది. 2024లో 2వ ప్రాపోజిషన్ బడుల కోసం 1000 కోట్ల డాలర్ల అప్పు. అనలిస్ట్ లెక్క ప్రకారం ఏటా సుమారు 50 కోట్లు, 35 ఏళ్లు కట్టాలి. గుణిస్తే 1750 కోట్లు. అసలు వెయ్యి, కట్టేది పదిహేడు వందల యాభై. ముప్పై అయిదేళ్ల తర్వాతి డాలరు ఇవాళ్టి డాలరంత ఉండదు కాబట్టి మరీ బెదిరిపోనక్కర్లేదు, కానీ గుణించి చూసుకోవడం మన ధర్మం. నేను దానికి ఎస్సే వేశాను.

రాష్ట్రం అప్పు రాష్ట్ర ఖజానాలోంచి తీరుస్తారు. స్కూలు డిస్ట్రిక్టు, ఊరు చేసే అప్పు అలా కాదు, మీ ప్రాపర్టీ ట్యాక్సు బిల్లులో కొత్త వరుసగా వస్తుంది. కౌంటీ గైడులో పన్ను రేటు ప్రకటన అని ఒక పేజీ ఉంటుంది. అందులో లక్ష డాలర్ల విలువకు ఇన్ని డాలర్లు అని రాస్తారు. నూటికి రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అని లెక్కలు కట్టిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకిది కష్టం కాదు. కాకపోతే ఒక చోట అందరూ పొరబడతారు. విలువ అంటే ఇళ్ల ధరలు చూపే జిల్లో వెబ్‌సైటులో కనిపించే ధర కాదు. ప్రాపర్టీ ట్యాక్సు బిల్లులో ఉండే అసెస్డ్ వాల్యూ, అంటే పన్ను కోసం కట్టిన విలువ. 1978లో వచ్చిన 13వ ప్రాపోజిషన్ వల్ల ఇల్లు కొన్న ధర మీద ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. మా ఇల్లు కొని చాలా ఏళ్లయింది, బిల్లులో విలువ 8 లక్షల డాలర్లు. లక్షకు 60 అంటే మాకు ఏడాదికి 480. సరిగ్గా మా ఇంటి ప్లానే ఉన్న పక్కిల్లు ఈమధ్య 16 లక్షలకు కొన్నవాళ్లకు అదే మెజర్ 960 అవుతుంది. వాళ్ల వ్యతిరేకతకు పిసినారితనం అని పేరు పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

పార్సెల్ ట్యాక్సు వేరు. చాలా చోట్ల అది స్థలానికి ఇంత అని ఒకటే రేటు, కొండ మీద బంగళాకూ రెండు గదుల కాండో ఫ్లాటుకూ అంతే. 65 ఏళ్లు దాటినవాళ్లకు మినహాయింపు ఉందేమో చూడండి. ఉన్నా దానంతటది రాదు, చాలా వరకు దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక సేల్స్ ట్యాక్సు. రాష్ట్రమంతా ఉండే రేటు 7.25 శాతం, దాని మీద ఊళ్లు, కౌంటీలు కలుపుకుంటూ పోతాయి. అర సెంటు అంటే వంద డాలర్ల కొనుగోలుకు యాభై సెంట్లు. ఇంట్లో వండుకునే పప్పులు, కూరగాయల మీద ఉండదు, టీవీ మీద, కారు మీద ఉంటుంది. ఈ మెజర్లలో రెండు మాటలు పట్టి చూడండి. "ఓటర్లు రద్దు చేసేవరకు" అని ఉంటే అది శాశ్వతం అని అర్థం. ముగిసే సంవత్సరం రాసే బదులు అలా రాస్తారు. రెండోది, గుంతలు పూడుస్తాం, 911 అత్యవసర సేవలు కాపాడతాం, పార్కులు శుభ్రం చేస్తాం అని వరసగా చెప్పి, సిటీ అటార్నీ (ఊరి తరఫు లాయరు) విశ్లేషణలో మాత్రం ఇది "జనరల్ ట్యాక్స్" అని ఉంటుంది. జనరల్ అయితే ఆ డబ్బు ఊరి సాధారణ నిధిలోకి పోతుంది, కౌన్సిలు దేనికైనా వాడుకోవచ్చు. ఫలానా పనికే అని కట్టుబడితే అది స్పెషల్ ట్యాక్స్. కౌన్సిలు అలాంటిది పెడితే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, జనరల్ అయితే సగానికి మించితే చాలు. ఎందుకు అలా రాస్తారో మీకే తెలిసిపోతుంది. స్కూలు బాండ్లకు 2000 సంవత్సరం నుంచి 55 శాతం చాలు.

పోస్టులో వచ్చే రంగుల కాగితాలు

అక్టోబరులో రోజుకు నాలుగైదు వస్తాయి. చదవండి, కానీ కింద నుంచి. ఈ ప్రకటనకు డబ్బు ఇచ్చిందెవరు అన్నది చిన్న అక్షరాల్లో చట్టప్రకారం ఉండాలి. 2022లో 27వ ప్రాపోజిషన్ ప్రకటనల్లో ఇళ్లు లేనివాళ్లకు సాయం అని కనిపించేది. డబ్బు పెట్టింది ఆన్‌లైన్ పందేల కంపెనీలు. అది చిత్తుగా ఓడింది.

ఇంకో రకం కాగితం మరీ మోసం చేస్తుంది. ఏదో పార్టీ పేరులానో, టీచర్ల సంఘం పేరులానో కనిపించే శీర్షిక కింద అభ్యర్థులు, ప్రాపోజిషన్లు, పక్కన టిక్కులు. కొన్నిటి పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. నక్షత్రం ఉందంటే ఆ జాబితాలో చోటుకి డబ్బు చెల్లించారని. వాట్సాప్‌లో "మనవాళ్లంతా ఇలా వేద్దాం" అని తిరిగే జాబితాకు నక్షత్రం కూడా ఉండదు.

డబ్బు ఎవరిదో తెలిసినంత మాత్రాన ఓటు నిర్ణయించేయను. ఒక్కోసారి స్వార్థపరులు కూడా మంచి చట్టానికి డబ్బు పెడతారు. కానీ ఎందుకు పెట్టారో అర్థమయ్యేవరకు ఆ ప్రాపోజిషన్ నాకు అర్థం కాలేదనే లెక్క.

మా పెసరట్ల ఆదివారం

ఎన్నికల రోజుకు 29 రోజుల ముందు నుంచి బ్యాలెట్లు పోస్టులో బయల్దేరతాయి. ఆ తర్వాత వచ్చే ఆదివారం మా ఇంట్లో నాలుగు కుటుంబాలు కలుస్తాం. 2024లో పది ప్రాపోజిషన్లు, పంచుకుంటే ఇంటికి రెండో మూడో. చెప్పేవాళ్లు రెండు వైపులా వాదించాలి, తమ ఓటు చెప్పకూడదు. ఒకాయన ఎంత ప్రయత్నించినా ఎదుటి పక్షాన్ని వాదించలేక నీళ్లు నమిలేస్తారు, ఆయన ప్రాపోజిషన్ మళ్లీ మా అత్తయ్యగారికి ఇస్తాం. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు. రాష్ట్ర గైడు హిందీలో కూడా వస్తుంది కానీ ఆవిడకు హిందీ రాదు, ఇంగ్లీషు కష్టం. నేను తెలుగులో చెప్తాను, ఓటు ఆవిడే నింపుకుంటారు. ఏం వేశారని ఇంతవరకు అడగలేదు.

గ్రీన్ కార్డు మీద ఉన్న స్నేహితులు పెసరట్లకే వస్తారు. వాళ్లు ఓటరుగా నమోదు కాకూడదు, డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు పొరపాటున టిక్కు పెట్టినా తర్వాత ఇమిగ్రేషన్‌లో పెద్ద తలనొప్పి అవుతుంది.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి ఇంత గొడవ లేదు. టెక్సాస్‌లో జనం సంతకాలతో రాష్ట్ర చట్టం పెట్టే పద్ధతే లేదు, చట్టసభ పంపే రాజ్యాంగ సవరణలే వస్తాయి. ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణ నెగ్గాలంటే 60 శాతం కావాలి. మీ రాష్ట్రం పద్ధతి ఏదో ముందు తెలుసుకోండి. అర్థం కానివి ఉంటే ఖాళీగా వదిలేయండి, మిగతా ఓట్లు చెల్లుతాయి.

చివరికి కవరు మీద సంతకం. అది కౌంటీ దగ్గరున్న సంతకంతో సరిపోవాలి. అత్తయ్యగారు తన కాగితాలన్నిటి మీదా తెలుగులోనే సంతకం చేస్తారు. మొదటిసారి ఓటు వేసినప్పుడు మాత్రం అమెరికా ఓటు కదా అని కవరు మీద పట్టుపట్టి ఇంగ్లీషులో రాశారు. వారం తిరగకుండా సంతకం కలవలేదని కౌంటీ నుంచి ఉత్తరం, దానితో ఒక ఫారం వచ్చాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ ఫారం వెనకా ముందూ తిప్పి చూసి, కింద తెలుగులో సంతకం చేసి ఇచ్చారు. ఓటు లెక్కలోకి వచ్చింది.